రెండో పెట్టె

ఆటల కంపెనీ ఆయన ఫోన్ చేసినప్పుడు అన్నయ్య ఊరి అవతల ఏదో పెద్ద బిల్డింగులో, లిఫ్టు కింద గుంతలోకి దిగి ఉన్నాడు. అక్కడ సిగ్నల్ అందదు. అందుకని ఆయన వదినకి చేశాడు. వదిన "ఆఁ... ఆఁ... చెప్తానండీ" అని పెట్టేసి, తడిసిన గొడుగు వరండాలో ఆరేస్తూ నాతో అంది, "రెండో పెట్టె కావాలట."

"ఏ రెండో పెట్టె?"

"మన ఆటకే. మొదటిది బాగా పోతోందట. దాంతో కలిపి ఆడుకునేలా ఇంకో పెట్టె చేసిమ్మంటున్నారు. ఎక్స్‌పాన్షన్ అంటారట దాన్ని."

‘మన ఆట’ అంది. ఆ మాట తర్వాత తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది నాకు. అప్పుడు మాత్రం, వానాకాలం మొదట్లో, కప్పు నుంచి నీళ్లు కారుతుంటే కింద బకెట్ పెట్టే హడావిడిలో ఉన్నాను.

ఆట పేరు ‘కిందికి’. అట్ట మీద ఒక పాత బిల్డింగు బొమ్మ ఉంటుంది. కరెంటు పోయింది, లిఫ్టు ఆగిపోయింది. ఆడేవాళ్లంతా పై అంతస్తుల్లో అద్దెకుండేవాళ్లు. అందరూ కలిసి మెట్ల మీదుగా బయటపడాలి. వాళ్ల వెనకే పైనుంచి ఇంకొకడు దిగి వస్తుంటాడు. వాడి పేరు పైవాడు. దేవుణ్ణి కూడా అలాగే అంటాం కాబట్టి ఆ పేరు పెట్టింది వదిన. మొదటిసారి విని పకపకా నవ్వాను. ఆడాక నవ్వు రాలేదు. పైవాడు ఎలా ఉంటాడో పెట్టెలో ఎక్కడా లేదు. బొమ్మ లేదు, కథ లేదు. వంతు వచ్చినవాళ్లు ఒక చీటీ తీయాలి. చాలా చీటీలు ఖాళీవే. కొన్నింటి మీద ‘చప్పుడు’ అని ఉంటుంది. అది వచ్చిందంటే ఆ చుట్టు అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఎవరు ఎటు వెళ్లాలో కళ్లతోనే చెప్పుకోవాలి. నోరు జారితే పైవాడు ఒక అంతస్తు దిగుతాడు. అంతే ఆట. అరగంటలో అయిపోతుంది. కానీ అలా నోళ్లు కట్టేసుకుని కూచున్న కాసేపట్లో వీధిలో ఎవరైనా తలుపు వేసుకున్నా మా గుండెలు ఝల్లుమనేవి.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మనిషి. చీకటి గుంతల్లో ఒక్కడే టార్చి పట్టుకుని గంటలు గంటలు గడిపేవాడు కాబట్టి ఈ ఆలోచన అతనికే వచ్చింది. అందులో అనుమానమేం లేదు. అతను ఒకటి కనిపెట్టేవాడు, వదిన ఒకటి తీసేసేది. వదిన డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది. ఆ కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. "మా వదినకి ఇంట్లోనూ అదే ఉద్యోగం" అని నేను ఏడిపించేదాన్ని. మొదట్లో ఆ ఆటలో తాళంచెవులుండేవి, కొవ్వొత్తులుండేవి, ఒక నల్లపిల్లి ఉండేది, కోరలతో పైవాడి బొమ్మ కూడా ఉండేది. వదిన ఆడుతూ ఆడుతూ ఏదో ఒకటి తీసి తన తొడ కింద పెట్టుకుని, "ఇది లేకుండా ఇంకోసారి ఆడదాం" అనేది. అన్నయ్య గింజుకునేవాడు. మూతి ముడుచుకుని పడుకునేవాడు. మర్నాడు ఆడి చూసి, "నిజమేనే" అనేవాడు. పిల్లి పోయిన రోజు మాత్రం చాలా బాధపడ్డాడు పాపం.

పెట్టె అచ్చయి వచ్చినప్పుడు దాని మీద అన్నయ్య పేరు ఉంది. లోపల రూల్స్ కాగితం చివర్న, చిన్న అక్షరాలతో, ‘ఇన్నాళ్లూ ఓపిక పట్టిన నా భార్యకు’ అని ఉంది. వదిన అది చదివి, "ఓపికా?" అని నవ్వింది. అందరం నవ్వాం.

రెండో పెట్టె సంగతి విన్న సాయంత్రం అన్నయ్య గ్రీజు చేతులతోనే నా రెండు భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఏం పెడదాం? చెప్పవే, ఏం పెడదాం అందులో?"

"అది అయిపోయిన ఆట కదా" అంది వదిన. "దానికి ఇంకా ఏం కావాలి?"

"వాళ్లు అడుగుతున్నారే!"

"అడిగితే ఇంకో కొత్త ఆట చేద్దాం."

"కొత్త ఆట ఎవరడిగారు? జనానికి పైవాడు కావాలి. వాడెవడు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎందుకు దిగుతున్నాడు అని ఉత్తరాల మీద ఉత్తరాలట."

"తెలియదు కాబట్టే కదా అడుగుతున్నారు" అంది వదిన.

అన్నయ్య ఆ మాట విన్నాడో లేదో. అప్పటికే బల్ల మీద పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి పరిచి గీతలు గీస్తున్నాడు.

వారం తిరక్కుండానే మొదటిసారి ఆడాం. మేం ముగ్గురం, కింది వాటాలో ఉండే మందుల షాపాయన. ఆయన్ని మందులాయన అనే పిలిచేవాళ్లం, ఆయనేం అనుకునేవాడు కాదు. షాపు కట్టేసి వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, "వచ్చాడా పైవాడు?" అంటూ లోపలికి వచ్చేవాడు.

అన్నయ్య బిల్డింగు మీద ఇంకా అంతస్తులు లేపాడు. వాటి పైన ఒక వాటర్ ట్యాంకు. కింద ఒక నేలమాళిగ. పైవాడికి చెక్కతో ఒక బొమ్మ చెక్కాడు, బాగానే చెక్కాడు. ‘పైవాడి గతం’ అని ఒక చీట్ల కట్ట. వాడు ఒకప్పుడు ఆ బిల్డింగుకి కాపలావాడట. ఒక్కో చీటీ మీద వాడి కథలో ఒక్కో ముక్క ఉంటుంది.

మందులాయన కళ్లజోడు సవరించుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "‘ఆ రోజు కాపలావాడు తాళాలన్నీ వేసి, పై అంతస్తులో దీపం వెలగడం చూసి...’ అబ్బ, భలే రాశావు తమ్ముడూ!"

వదిన చేయి మెల్లిగా ముందుకొచ్చింది. ఆ కట్టంతా తీసి తొడ కింద పెట్టుకుంది.

"పెట్టు అది" అన్నాడు అన్నయ్య.

"ఇది లేకుండా ఒకసారి..."

"పూర్తిగా ఆడకుండానే? దాని కోసం ఎన్ని రాత్రులు కూచున్నానో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే చెప్తున్నా. వాడు కాపలావాడని తెలిసిపోతే ఇక వాడంటే జాలేస్తుంది. భయం ఎక్కడిది?"

"నీకు తీసేయడం తప్ప ఇంకోటి చేతకాదే." అన్నయ్య గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలిందేమో. "ఒక్కటంటే ఒక్కటి నువ్వు కనిపెట్టి పెట్టు చూద్దాం. అప్పుడు తెలుస్తుంది."

మందులాయన చదివేసిన చీటీనే మళ్లీ మొదటినుంచి మనసులో చదువుకోసాగాడు. నేను కప్పు వైపు చూశాను.

వదిన కట్ట తీసి బల్ల మీద పెట్టింది. అంచులు సమంగా సర్దింది. "మీరాడండి" అని లేచి, లోపలికి వెళ్లి ఉతికిన బట్టలు మడతలు పెట్టుకుంది.

"రేపటికి కోపం పోతుందిలే" అన్నాడు అన్నయ్య.

పోలేదు. అసలు అది కోపమైతే కదా పోవడానికి.

ఆ నెలలోనే అన్నయ్య ఉద్యోగం మానేశాడు. పగలంతా లిఫ్టుల్లో తిరిగి రాత్రికి ఇది చేయడం కుదరడం లేదన్నాడు. వదిన "మీ ఇష్టం" అంది. అంతకుముందైతే ఆ రెండు మాటలకి ముందో వెనకో ఇంకో పది మాటలుండేవి. భోజనాల బల్ల పూర్తిగా ఆటకి పోయింది. అట్టముక్కలు, జిగురు డబ్బా, కత్తెరలు, రంగులు. మేం వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడి, కంచాలు చేత్తో పట్టుకుని తినేవాళ్లం. కప్పు కారడం ఎక్కువైతే అన్నయ్య పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఆ అట్టని రెండు చేతుల మీద ఎత్తుకుని గది ఇంకో మూలకి మోసేవాడు.

అతను సంతోషంగా ఉండేవాడు. అది కూడా చెప్పాలి. ఈలలు వేసేవాడు. నేను పని నుంచి రాగానే, కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా, "ఇటు రా, ఇవాళ ఏం చేశానో చూద్దువుగాని" అని చేయి పట్టుకుని లాక్కుపోయేవాడు. మా నాన్న పోయాక నన్ను చదివించినవాడు, నాకు జడలు వేయడం నేర్చుకున్నవాడు, అలా మొహం వెలిగిపోతూ ఎదురొస్తే ఏమనను? "బాగుందన్నయ్యా" అనేదాన్ని.

నేను కళ్లద్దాల షాపులో పని చేసేదాన్ని. వచ్చినవాళ్లని కుర్చీలో కూచోబెట్టి, కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం నా పని. కాసేపటికి వాళ్లు తికమకపడిపోతారు. రెండూ ఒకేలా ఉన్నాయమ్మా అంటారు, మళ్లీ మొదటిది వేయమంటారు. ఇంట్లో నాకూ అదే అవస్థ. మొదటి ఆట బాగుండేదని ఒళ్లంతా తెలుస్తోంది. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేను.

ఒకరోజు ధైర్యం చేశాను. "భయం వేయడం లేదన్నయ్యా."

అతను కత్తెర పక్కన పెట్టి, ఎంతో శ్రద్ధగా నా వైపు తిరిగాడు. "ఎక్కడ? ఏ అంతస్తులో?"

"ఏ అంతస్తని చెప్పలేను. మొత్తం మీద."

"అలాగా." గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు సాయంత్రానికి నేలమాళిగలో పైవాడి తమ్ముడు పుట్టుకొచ్చాడు.

మందులాయన్ని అడిగితే తేలుతుందేమో అనుకున్నాను. ఆయన షాపు గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి, "నిజం చెప్పనా అమ్మా? నాకిదే నచ్చింది" అన్నాడు. "అది ఇలా కూచుంటే అలా అయిపోయేది. ఇది ఆడినట్టుంది. కథ ఉంది, తమాషా ఉంది. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్తుంటాను, ఇవాళ కాపలావాడు ఏం చేశాడో తెలుసా అని." ఆయనకి అబద్ధమాడే అలవాటు లేదు. నేను ఎదురు చెప్పలేకపోయాను.

వదినకి నేను డ్రైవింగ్ నేర్చుకోవాలన్న పట్టుదల ఎందుకొచ్చిందో తెలీదు, అది కూడా ఆ వానల్లోనే మొదలుపెట్టింది. "ఎండలో ఎవరైనా నడుపుతారు" అనేది. ఊరి చివర గోదాముల మధ్య ఖాళీ రోడ్డుంది. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే, రెండు చేతులతో స్టీరింగ్‌ని గొంతు పిసికినట్టు పట్టుకుని నడిపేదాన్ని.

"దాన్ని చంపకు, పట్టుకో చాలు" అనేది వదిన.

ఒక ఆదివారం పొద్దున గోదాముల దగ్గర బండి ఆపించింది. ఇంజన్ ఆపమంది. వాన పైకప్పు మీద దడదడా పడుతోంది.

"మా స్కూలు వాళ్లు వేరే ఊళ్లో ఇంకో బ్రాంచి పెడుతున్నారు. నన్ను చూసుకోమంటున్నారు" అంది.

"ఎన్నాళ్లు?"

"ముందు కొన్నాళ్లు."

ముందు కొన్నాళ్లు అంటే తర్వాత ఏంటని అడగాలి కదా. వేరే మాట అడిగాను. "వదినా, ఒక్కసారి వచ్చి ఆడవా? ఒక్కసారి చూసి చెప్పు. అన్నయ్యకి నీ మాట కావాలి. అడగడానికి మొహం చెల్లడం లేదంతే."

"నీకెలా ఉంది ఆట?"

"పెద్దదైంది."

వదిన నవ్వింది. కిటికీ అద్దం మీద ఆవిరి వేలితో తుడిచి బయటికి చూసింది. "ఇదివరకు మనం వినేవాళ్లం. చీటీ తీశాక అందరం చెవులు రిక్కించుకుని కూచునేవాళ్లం. ఇప్పుడు లోపల్నుంచి నాకు వినపడుతుంటుంది, ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు. చదువుతూ ఉంటే ఇక భయపడేదెప్పుడు?"

"ఆ మాటే అన్నయ్యకి చెప్పు."

"చెప్పాను కదా, మొదటి రోజే. నాకు వచ్చినట్టు చెప్పాను. మాటల్లో చెప్పడం నాకు ఇప్పుడొచ్చింది, ఆయనకి వినడం పోయింది." మళ్లీ అద్దం తుడిచి, "నువ్వు చెప్పకు. నువ్వు మా మధ్యలోకి రాకు. స్టార్ట్ చెయ్యి" అంది.

చెప్పకుండా ఉండలేకపోయాను. నా మాటగానే చెప్పాను: అన్నయ్యా, ఇదివరకు నిశ్శబ్దం ఉండేది, అది పోయింది. అతను "భలే పట్టావే!" అని నా వీపు తట్టాడు. మూడోరోజుకి ‘నిశ్శబ్దం’ అని కొత్త చీట్లు తయారయ్యాయి. ఒక్కో చీటీ మీద ఎలా మౌనంగా ఉండాలో నాలుగు వరుసల్లో రాశాడు. వాటిని మందులాయన గట్టిగా చదివాడు.

ఆ రాత్రి పక్క మీద బోర్లా పడుకుని ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను.

కంపెనీ ఆయన వచ్చి తయారైన ఆట పట్టుకెళ్లే రోజు దగ్గరపడింది. అంతకు ముందు ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ఉన్నాడు. "ఒకసారి ఆడతావా?" అన్నాడు.

వదిన చేతులు తుడుచుకుంది. "పదండి."

నాకెంత ఆనందమేసిందంటే, మందులాయన్ని పిలవడానికి మెట్ల మీద చెప్పులు లేకుండా పరిగెత్తాను. ఆయన లుంగీ మీదే వచ్చేశాడు. బయట వాన హోరుమంటోంది. మధ్యాహ్నమే అయినా లైటు వేసుకోవాల్సి వచ్చింది. అన్నయ్య అట్టలన్నీ పరిచాడు. బల్ల చాలక చివర్న ఒక స్టూలు జోడించాడు.

వదిన బాగా ఆడింది. ఏ మూలకో ముడుచుకుని కూచోలేదు, ముభావంగా లేదు. రూల్స్ అన్నీ వింది. తన వంతొస్తే చీటీ తీసి, తనే చదివింది. కాపలావాడి కథ అంతా చదివింది, వాడి తమ్ముడి కథా చదివింది. నేలమాళిగలోకి దిగింది, వాటర్ ట్యాంకు ఎక్కింది. ఒకచోట మందులాయన తప్పు మెట్టెక్కితే, "అటు కాదండీ, తమ్ముడున్నాడు" అని సరిదిద్దింది కూడా. అన్నయ్య ఒక్కో చీటీకీ వదిన మొహం చూస్తున్నాడు. నేను వదిన చేయి చూస్తున్నాను. కుడిచేయి ఒళ్లో ఉంది. వంతొచ్చినప్పుడు పైకి వచ్చేది, చీటీ తీసేది, చదివేది, ఉండాల్సిన చోట పెట్టేది, మళ్లీ ఒళ్లోకి వెళ్లేది.

ఒక్కటైనా తీస్తుందని చూశాను. తీసి తొడ కింద పెట్టుకుంటే బాగుండునని, అన్నయ్య అరిస్తే బాగుండునని, ఇద్దరూ ఎగిరెగిరి పోట్లాడుకుంటే బాగుండునని చూశాను. మధ్యాహ్నం సాయంత్రమైంది. మందులాయన రెండుసార్లు ఆవలించాడు. చివరికి మేం గెలిచాం. అందరం కిందికి దిగేశాం.

"ఎలా ఉంది?" అన్నాడు అన్నయ్య.

"బాగుంది" అంది వదిన.

"నిజంగా?"

"నిజంగానండీ. చాలా కష్టపడ్డారు."

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని ఇంటికప్పు కేసి చూస్తూ నవ్వాడు. అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. మందులాయన చప్పట్లు కొట్టాడు. వదిన ముక్కలన్నీ ఏరి, ఏ రంగుకా రంగు విడదీసి, చిన్న చిన్న సంచుల్లో పోసి మూతి బిగించింది. పైవాడి బొమ్మని గుడ్డతో తుడిచి పెట్టెలో పడుకోబెట్టింది. నేను టీ పెడతానని లేచి వెళ్లి, నీళ్లు మరిగిపోతున్నా టీపొడి వేయకుండా నిలబడ్డాను.

వానలు తెరిపిచ్చిన రోజుల్లో వదిన వెళ్లింది. గొడవేం జరగలేదు. రెండు బ్యాగులు సర్దుకుంది. అన్నయ్యే వాటిని బస్సు దాకా మోశాడు, కిటికీ పక్క సీటు చూసి కూచోబెట్టాడు, నీళ్ల సీసా కొనిచ్చాడు. "అచ్చుకి వెళ్లే ముందు రంగులు చూడాలి, లేకపోతే నేనూ వచ్చి దింపేవాణ్ణి" అన్నాడు. "ఫరవాలేదు" అంది వదిన. నాతో, "బండి తీయడం మానకు" అంది. బస్సు కదిలాక కూడా అన్నయ్య చేయి ఊపుతూనే ఉన్నాడు. ఇంటికి నడుస్తూ దారంతా పెట్టె మీద బొమ్మ గురించే చెప్పాడు.

మొదట్లో రోజూ ఫోను. తర్వాత రెండు రోజులకోసారి. తర్వాత అన్నయ్య చేస్తేనే. అప్పటికి అన్నయ్య పాత కంపెనీలో కాకుండా ఇంకోచోట, లిఫ్టుల పనికే కుదిరాడు. ఒకసారి వదిన తన చలికోటు, సర్టిఫికెట్లు, కుట్టుమిషను పంపమని అడిగింది. కుట్టుమిషను అన్నప్పుడు అన్నయ్య ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అంత బరువుది ఎందుకు, ఎలాగూ వస్తావు కదా" అన్నాడు. అవతల వదిన ఏమందో నాకు వినపడలేదు. కాసేపయ్యాక "సరే" అన్నాడు. మిషను తుడిచి, నూనె వేసి, నేను పట్టుకుంటానన్నా వినకుండా ఒక్కడే తాళ్లతో కట్టాడు.

ఆట వల్లే వెళ్లిపోయిందని నేననను. ఇద్దరు మనుషుల మధ్య ఎక్కడెక్కడ ఏం తెగిందో పక్కగదిలో పడుకునేవాళ్లకి ఏం తెలుస్తుంది?

రెండో పెట్టె అచ్చయి వచ్చింది. మొదటిదానికన్నా రెండింతలుంది. అన్నయ్య విప్పి నా ముందు పెట్టాడు. "చూడు" అన్నాడు, ఏం చూడాలో చెప్పకుండా. పెట్టె మీద అన్నయ్య పేరు పక్కన వదిన పేరు ఉంది. అంతే పెద్ద అక్షరాలు, అదే రంగు. కంపెనీ వాళ్లతో పోట్లాడి వేయించాడట.

"పోయినసారి చేయాల్సింది" అన్నాడు. "ఇప్పటికైనా చేశాను కదా. సంతోషిస్తుంది కదూ?"

నేను తలూపాను.

వదినకి ఒకటి పంపాడు. నాలుగు రోజుల తర్వాత వదిన నాకు ఫోన్ చేసింది, నా షాపు టైములో. నేను బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను. అవతల ఎవరో బండి స్టార్ట్ చేయలేక అవస్థపడుతున్న చప్పుడు.

"నా పేరేశారు" అంది చివరికి.

"అవును వదినా. అన్నయ్యే పట్టుబట్టి..."

"ఇందులో నాదేం లేదు కదే. ఒక్క ముక్క లేదు. నేనైతే అన్నీ..." ఆగిపోయింది. "దేని మీద వేయాలో దాని మీద వేయలేదు. దీని మీద వేశారు."

"మరి అన్నయ్యకి ఏం చెప్పను?"

"అందిందని చెప్పు."

అందిందని చెప్పాను. "ఇంకేమంది?" అన్నాడు. "బిజీగా ఉంది" అన్నాను. అచ్చయిపోయినదాన్ని ఎవరేం చేయగలరు? అప్పటికే వేల పెట్టెలు ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి, రెండు పేర్లతో.

జనం రెండుగా చీలిపోయారు. రెండోది కలిపాకే ఆట పూర్తయిందన్నవాళ్లున్నారు, మొదటిది ఇక బోసిగా ఉందన్నవాళ్లున్నారు. చక్కటి ఆటని చేజేతులా పాడుచేశారని తిట్టినవాళ్లున్నారు. తిట్టినా పొగిడినా ఇద్దరినీ కలిపే. అన్నయ్య అన్నీ చదివేవాడు. పొగిడినవి చదివినప్పుడు కూడా మొహంలో ఇదివరకటి వెలుగు లేదు.

ఒక సెలవురోజు పొద్దున తలుపు కొట్టారు. ఎండ ఫెళ్లున కాస్తోంది. కొత్తగా పెళ్లయిన జంట, ఎక్కడో దూరం నుంచి అడ్రసు కనుక్కుని వచ్చారు. రెండు పెట్టెలూ చంకలో ఉన్నాయి. సంతకాలు కావాలట. అన్నయ్య వాళ్లని కూచోబెట్టాడు. నేను టీ ఇచ్చాను.

"మా ఇద్దరికీ ఒకటే గొడవండీ" అంది ఆ అమ్మాయి. "నాకు రెండోది కలిపి ఆడితేనే ఇష్టం. కాపలావాడి కథ చదువుతుంటే ఏడుపొస్తుంది నాకు."

"ఏడవడానికా భయం ఆట?" అన్నాడు ఆ అబ్బాయి. "మొదటిదే నయమండీ. రెండోది రాకముందు రాత్రి లేచి బాత్రూంకి వెళ్లాలన్నా ఈవిణ్ణి లేపేవాణ్ణి. ఇప్పుడు పైవాడు మా ఇంట్లో చుట్టంలా అయిపోయాడు."

అమ్మాయి మోచేత్తో పొడిచింది. ఇద్దరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు, వాళ్లనే చూస్తూ.

"మీరే తీర్పు చెప్పండి సార్" అన్నాడు అబ్బాయి. "చేసింది మీరు కదా. రెండోది ఉంటే బాగుందా, లేకుంటే బాగుందా?"

అన్నయ్య రెండో పెట్టె మీద సంతకం చేస్తున్నవాడు ఆగాడు. తన పేరు కింద సంతకం అయింది. పక్క పేరు కింద ఖాళీ ఉంది. కలం మూత పెట్టాడు.

"మా ఆవిణ్ణి అడిగి చెప్తానమ్మా" అన్నాడు. "ఆ సంగతి ఆవిడకి తెలుస్తుంది. నాకు తెలీదు."

"అయ్యో, మేడమ్ గారు లేరా? ఆవిడ సంతకం కూడా కావాలండీ. ఎప్పుడొస్తారు?"

అన్నయ్య నా వైపు తిరిగి చూశాడు, అది నాకేమైనా తెలుసేమోనన్నట్టు. ఆ అమ్మాయీ నా వైపే చూసింది. నేను ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి పెద్దగా తిప్పాను.